సి.కె. నాయుడు గారి జీవితం – మన సాఫ్ట్‌బాల్ బ్యాటు



మన గోడపత్రికలో ప్రతి నెలా ఒక గొప్పవారి జీవితం రాస్తున్నాము. అల్లూరి సీతారామరాజు గారి గురించి ఇప్పటికే మూడుసార్లు రాశారు. ఆయన గురించి ఎన్నిసార్లు రాసినా తక్కువే. ఈ భీమవరంలో 2022లో ఆయనకి 30 అడుగుల విగ్రహం కూడా పెట్టారు. కానీ ఈసారి నా వంతు వచ్చింది కాబట్టి నేను ఒక ఆటగాడి గురించి రాస్తానని అడిగాను. మేడమ్ గారు సరే అన్నారు.

ఆయన పేరు కొఠారి కనకయ్య నాయుడు. లోకమంతా సి.కె. నాయుడు అంటుంది. మన దేశం మొట్టమొదటి టెస్టు మ్యాచ్ ఆడినప్పుడు కెప్టెన్ ఆయనే. ఆయన తెలుగువారు. ఈ సంగతి మన హాస్టల్లో అడిగితే పదిమందిలో ఒక్కరు కూడా చెప్పలేదు.

క్రికెట్ ఆయన కథ సాఫ్ట్‌బాల్ ఆడే మనకెందుకు అంటారేమో. ఎందుకో మధ్యలో చెప్తాను. ముందు ఆయన కథ చదవండి.

పుట్టుక

నాయుడు గారు 1895 అక్టోబరు 31న నాగపూర్ లో పుట్టారు. అల్లూరి గారి కంటే రెండేళ్ళు పెద్ద. వాళ్ళ పూర్వీకులది మచిలీపట్నం. ఇక్కణ్ణించి రైలెక్కి గుడివాడ మీదుగా పోతే మచిలీపట్నం వస్తుంది, అంత దగ్గర. అక్కణ్ణించి వాళ్ళ కుటుంబం పైకి వెళ్ళి నాగపూర్ లో స్థిరపడింది. తాతగారు నారాయణస్వామి నాయుడు గారు పెద్ద వకీలు. నాన్నగారు సూర్యప్రకాశరావు నాయుడు గారు ఆ రోజుల్లోనే ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలో చదువుకున్నారు.

అంటే ఆయన కలిగినింటి బిడ్డ. మనలాగ కాదు. మా గూడెంలో సంతకం పెట్టడం నేర్చుకున్న మొదటి ఆడపిల్లని నేనే. మా అయ్య ఇప్పటికీ వేలిముద్రే వేస్తాడు. గొప్పవాళ్ళ కథలు రాసేటప్పుడు అందరూ బీదరికంలోంచే వచ్చినట్టు రాయడం మనకి అలవాటు. నేను అలా రాయను. ఆయనకి బ్యాటు, బూట్లు, మైదానం అన్నీ ఉన్నాయి. అవన్నీ ఉన్నవాళ్ళు ఆ కాలంలో ఇంకా ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ పేర్లు మనకి తెలీవు. ఈయన పేరు ఎందుకు మిగిలిందో అదే మనం చూడాలి. మీదికి వచ్చే బంతికి ఇది ఎవరి బిడ్డ అని తెలీదు కదా.

మొదటి పెద్ద ఆట

అప్పట్లో బొంబాయిలో ఏటా పెద్ద పోటీలు జరిగేవి. జట్లు మతాల్ని బట్టి ఉండేవి. యూరోపియన్ల జట్టు, పార్శీల జట్టు, హిందువుల జట్టు, ముస్లింల జట్టు. మన కొండల్లోవాళ్ళకి ఏ జట్టూ లేదు. 1916లో నాయుడు గారు హిందువుల జట్టులో ఆడారు. అవతల తెల్లదొరల జట్టు.

ఆయన్ని తొమ్మిదో నంబరులో పంపించారు. అప్పటికి 79 పరుగులకి 7 వికెట్లు పోయాయి. అలాంటప్పుడు కొత్త కుర్రాడికి ఎంత భయం ఉంటుందో ఆలోచించండి. ఆయన మొదటి మూడు బంతులూ కొట్టకుండా ఆపేశారు. చూశారు. ఆ తర్వాత బంతిని సిక్సర్ కొట్టారు. పెద్ద ఆటల్లో ఆయన చేసిన మొదటి పరుగులే సిక్సర్. ఈ మూడు బంతుల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1923లో ఇందూరు హోల్కర్ మహారాజు గారు ఆయన్ని తన సంస్థానానికి పిలిపించుకున్నారు. సైన్యంలో కెప్టెన్ ఉద్యోగం ఇచ్చారు. తర్వాత కల్నల్ అయ్యారు. అందుకే పుస్తకాల్లో కల్నల్ సి.కె. నాయుడు అని ఉంటుంది. సైన్యం మనిషి కాబట్టి క్రమశిక్షణ చాలా ఎక్కువ. ఆయన కింద ఆడినవాళ్ళు ఆయనంటే భయపడేవాళ్ళు, గౌరవించేవాళ్ళు కూడా.

11 సిక్సర్లు

1926లో ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. అనే జట్టు మన దేశానికి వచ్చింది. దాని కెప్టెన్ ఆర్థర్ గిల్లిగాన్. డిసెంబరు నెలలో బొంబాయి జింఖానా మైదానంలో నాయుడు గారు ఆ జట్టు మీద 153 పరుగులు చేశారు. 116 నిమిషాల్లో. అంటే మన సాయంత్రం స్టడీ అవర్ అంత సేపు కూడా కాదు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు. సిక్సర్ అంటే బంతి గాలిలోనే గీత దాటాలి. మైదానం చుట్టూ ఉన్న జనం, అక్కడి ఇళ్ళ మీద ఉన్న జనం, చెట్లెక్కిన జనం అరుపులే అరుపులట. తెల్లవాళ్ళ జట్టే ఆయనకి వెండి బ్యాటు బహుమతిగా ఇచ్చింది.

ఆ ఆట చూశాక మన దేశం కూడా టెస్టులు ఆడగలదు అని గిల్లిగాన్ గారికి నమ్మకం కలిగింది. 1928లో మన క్రికెట్ బోర్డు ఏర్పడింది. 1932లో మన జట్టు ఇంగ్లండు వెళ్ళింది. ఆ జట్టుకి కెప్టెన్ పోరుబందరు మహారాజు. ఎందుకంటే ఆ రోజుల్లో కెప్టెన్ అంటే రాజుగారే ఉండాలి అనేవారు. కానీ ఆ మహారాజు గారు మంచి మనసుతో తన ఆట అంత గొప్పది కాదని ఒప్పుకుని టెస్టుకి పక్కకి తప్పుకున్నారు. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో నాయుడు గారు భారత జట్టుకి మొదటి కెప్టెన్ అయ్యారు.

ఆ ఆటలో ఫీల్డింగు చేస్తూ ఆయన చేతికి దెబ్బ తగిలింది. ఆ చేత్తోనే బ్యాటు పట్టుకుని 40 పరుగులు చేశారు. మొదటి ఇన్నింగ్స్ లో మనవాళ్ళందరిలో అదే ఎక్కువ. మన జట్టు 158 పరుగులతో ఓడిపోయింది. అయినా మనవాళ్ళు మూడు రోజులు గట్టిగా ఆడారు. ఆ పర్యటన మొత్తం మీద ఆయన 32 సిక్సర్లు కొట్టారు. బర్మింగ్‌హామ్ లో ఒక సిక్సర్ పక్కనున్న రీ అనే ఏరు దాటి పడింది. ఆ ఏరు అప్పుడు రెండు జిల్లాలకి సరిహద్దు. అంటే ఒక జిల్లాలో కొట్టిన బంతి ఇంకో జిల్లాలో పడిందన్నమాట. మనం ఇక్కడ కొడితే చేపల చెరువులో పడుతుంది, అంతే తేడా. 1933లో విజ్డెన్ అనే ఇంగ్లీషు క్రికెట్ పుస్తకం ఆ ఏటి అయిదుగురు ఉత్తమ ఆటగాళ్ళలో ఆయన పేరు వేసింది.

ఇక మన సాఫ్ట్‌బాల్ సంగతి

మన జట్టులో ఎనిమిదో తరగతి చెల్లి ఒకతి ఉంది. పేరు రాయొద్దంది కాబట్టి రాయను. పరుగులో మన బడిలో ఆమె ముందు ఎవరూ నిలవరు. బంతి ఎంత ఎత్తులో వచ్చినా పట్టేస్తుంది. కానీ బ్యాటు పట్టుకుంటే మూడు స్ట్రైకులు, అవుట్. దసరా ముందు ఆడిన నాలుగు ఆటల్లో ఒక్కసారి కూడా బంతి తగల్లేదు. అందరూ నవ్వారు. ఆమె బ్యాటు తీసుకెళ్ళి స్టోర్ రూమ్ లో పెట్టేసి ఇంక ఆడనంది.

ఆడకపోతే పోనీ అనుకోవడానికి లేదు. వాళ్ళ ఇంట్లో ఈ ఏడు సంక్రాంతికి తీసుకెళ్ళిపోయి మిరప కోతలకి పంపిద్దామని అనుకుంటున్నారు. జిల్లా జట్టుకి ఎంపికైతే మాత్రం చదివిస్తామన్నారు. ఎంపిక వచ్చే నెల ఇక్కడే భీమవరంలో. అంటే ఆమె బ్యాటుకి బంతి తగలడం మీద ఆమె చదువు ఉంది. అందుకే పి.ఇ.టి. మేడమ్ గారు నన్ను, ఆమెని ఇద్దర్నీ కూర్చోబెట్టి, నువ్వు చూసి చెప్పు అని నాకు అప్పగించారు.

నేను రెండు రోజులు మూడో బేస్ దగ్గర కూర్చుని ఆమె బ్యాటే చూశాను. అప్పుడు తెలిసింది. ఆమె ఊపేది క్రికెట్ ఊపు. వాళ్ళ గూడెంలో అన్నలతో తాటిమట్ట బ్యాటుతో క్రికెట్ ఆడింది. క్రికెట్ లో బంతి నేల మీద పడి లేస్తుంది, అందుకని బ్యాటు నిలువుగా కిందనుంచి వస్తుంది. ఆ బ్యాటు వెడల్పు 4 అంగుళాల పైన ఉంటుంది, నిలువుగా వచ్చినా బంతికి అడ్డం పడుతుంది. సాఫ్ట్‌బాల్ బ్యాటు గుండ్రం. లావు రెండుంపావు అంగుళాలే. దాన్ని నిలువుగా ఊపితే బంతి కాస్త అటూ ఇటూ అయినా తగలదు. అడ్డంగా ఊపితే హోమ్ ప్లేటు వెడల్పు 17 అంగుళాలూ బ్యాటు పొడుగులోకి వచ్చేస్తుంది. మన ఆటలో బంతి నేల తగలకుండా 43 అడుగుల దూరం నుంచి గాలిలోనే వస్తుంది. రెప్ప వేసేంతలో వచ్చేస్తుంది. అందుకని నాయుడు గారి ఫోటో చూసి బ్యాటు ఊపు నేర్చుకుంటే మనకి పనికిరాదు. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది వేరే ఉంది.

మరి ఊపు ఎవరి దగ్గర నేర్చుకోవాలి? మన అమ్మల దగ్గర. ఎండిన చెట్టు మొదలు గొడ్డలితో నరకడం మనందరికీ తెలుసు. పైనుంచి కిందికి కాదు, అడ్డంగా వేటు వేస్తాం కదా, అది. అప్పుడు చేతులతో కొడతామా? కాదు. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి, బరువు వెనక కాలి మీద ఉంచుతాం. ముందు నడుము తిరుగుతుంది. నడుము వెనక భుజాలు, చివరికి చేతులు వస్తాయి. చేతులతోనే కొడితే గొడ్డలి దిగదు, జబ్బలు నొప్పెడతాయి. సాఫ్ట్‌బాల్ ఊపు కూడా ఇదే. ఈ మాట చెప్పగానే ఆ చెల్లి నవ్వింది. తనకి ఎనిమిదేళ్ళప్పటి నుంచి వచ్చిన పనే.

మేము చేసిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను, అందరికీ పనికొస్తుంది.

1. బ్యాటు బరువు. మన దగ్గర పెద్ద బ్యాటు పొడుగు 34 అంగుళాలు. చిన్నవాళ్ళకి అది ఎక్కువ. చిన్న బ్యాటు తీసుకోవాలి. లేకపోతే పిడి చివర నుంచి రెండు వేళ్ళు పైకి పట్టుకోవాలి.

2. పట్టు. అరచేతిలో గుచ్చిపట్టకూడదు, వేళ్ళతో పట్టాలి. రెండు చేతుల వేళ్ళ మధ్య కణుపులు ఒక వరసలో ఉండాలి. పిట్టని పట్టుకున్నట్టు, నలగకూడదు, ఎగిరిపోకూడదు.

3. అడుగు. బంతి వదిలేటప్పుడు ముందు కాలు జానెడు వెయ్యాలి, బారెడు కాదు. పెద్ద అడుగు వేస్తే తల కిందికి పోతుంది, తల కదిలితే కళ్ళు కదులుతాయి.

4. చేతులు ఒంటికి దగ్గరగా రావాలి. గోడకి బ్యాటు పొడుగంత దూరంలో నిలబడి ఊపాలి. బ్యాటు గోడకి తగిలితే చేతులు ముందే బయటికి పోతున్నాయని అర్థం.

5. వెదురు బొంగు. నడుమెత్తు వెదురు బొంగు పాతి, పైన పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగాం. దాని మీద బంతి పెట్టి కొట్టాలి. రోజూ 50. ముందు కాలికి ఎదురుగా బంతి ఉండాలి, పొట్ట ఎదురుగా కాదు.

6. గుడ్డబంతి. పాత సాక్సులో గుడ్డపీలికలు కుక్కి బంతి చేశాం. ఒకరు పక్కన మోకాలి మీద కూర్చుని మెల్లగా వెయ్యాలి, ఇంకొకరు కొట్టాలి. కిటికీ అద్దాలు పగలవు, బంతి చెరువులో పడదు.

సాఫ్ట్‌బాల్ ఎలా పుట్టిందో తెలిస్తే గుడ్డబంతి అని నవ్వరు. 1887లో అమెరికాలోని షికాగోలో జార్జి హాన్‌కాక్ అనే ఆయన బాక్సింగు చేతితొడుగుని తాడుతో చుట్టి బంతి చేశాడు. బ్యాటు ఏమిటంటే చీపురుకర్ర. ఆటని గదిలో ఆడారు. ఆ ఆటే 1996లో ఆడవాళ్ళ ఆటగా ఒలింపిక్స్ దాకా వెళ్ళింది.

మొదటి రోజు మెల్లగా వేసిన 50 బంతుల్లో చెల్లికి 9 తగిలాయి. మూడు వారాల తర్వాత 31. కానీ పిచ్చర్ నిజంగా వేగంగా వేస్తే మళ్ళీ తొందరపడి మొదటి బంతికే ఊపేసేది. అప్పుడే నాయుడు గారి మూడు బంతుల సంగతి ఆమెకి చెప్పాను. అంత పెద్ద ఆటలో, జట్టు మునిగిపోతున్నప్పుడు ఆయన ముందు చూశారు, తర్వాత కొట్టారు. మనకి మూడు బంతులు వదిలే వీలు లేదు, మంచి బంతులు మూడు పోతే అవుట్. కానీ చెడ్డ బంతులు నాలుగు వదిలేస్తే నడుచుకుంటూ మొదటి బేస్ కి వెళ్ళొచ్చు. మోకాలి కింద వచ్చేది మనది కాదు. చంకల పైన వచ్చేదీ మనది కాదు. మనది వచ్చేదాకా ఆగాలి. వచ్చాక ఆగకూడదు. ఇప్పుడు ఆమె బంతి పిచ్చర్ చేతిలో ఉన్నప్పటి నుంచే చూస్తోంది.

దెబ్బలు తిన్న కాలం

మళ్ళీ నాయుడు గారి దగ్గరికి వద్దాం. 1933లో బొంబాయిలో మన గడ్డ మీద మొదటి టెస్టు జరిగింది. దానికీ కెప్టెన్ ఆయనే. ఆ ఆటలో లాలా అమర్‌నాథ్ గారు 118 పరుగులు చేశారు, టెస్టుల్లో భారతీయుడి మొదటి సెంచరీ అదే. అవతలి వైపు నిలబడి 67 పరుగులు చేసింది నాయుడు గారే.

1936లో ఇంగ్లండు వెళ్ళినప్పుడు కెప్టెన్ పదవి విజయనగరం రాజకుమారుడికి ఇచ్చారు. నాయుడు గారు మామూలు ఆటగాడిగా వెళ్ళారు. పదవి పోయిందని ఇంట్లో కూర్చోలేదు. ఓవల్ మైదానంలో ఆఖరి టెస్టులో వేగంగా వచ్చిన బంతి ఒంటికి గట్టిగా తగిలినా నిలబడి 81 పరుగులు చేశారు. టెస్టుల్లో ఆయనకి అదే ఎక్కువ స్కోరు, అదే ఆఖరి టెస్టు కూడా. మొత్తం 7 టెస్టులు, 350 పరుగులు. లెక్క చూస్తే తక్కువే. కానీ ఆయనకి మొదటి టెస్టు వచ్చేసరికే 36 ఏళ్ళు. మంచి వయసంతా దేశానికి టెస్టులు లేకుండానే గడిచిపోయింది.

తర్వాత హోల్కర్ జట్టుకి నాయకత్వం వహించారు. ఆ జట్టు రంజీ ట్రోఫీ 4 సార్లు గెలిచింది. 1951-52 ఫైనల్లో బొంబాయి మీద ఆడుతుంటే దత్తు ఫడ్కర్ వేసిన బంతి ఆయన నోటికి తగిలి పళ్ళు ఊడిపోయాయి. అప్పటికి ఆయనకి 56 ఏళ్ళు. ఊడిన పళ్ళని బ్యాటుతో పక్కకి ఊడ్చేసి మళ్ళీ ఆటకి నిలబడ్డారు. అలా చెయ్యమని నేను అనడం లేదు. ఇప్పుడు హెల్మెట్లు ఉన్నాయి, మనం పెట్టుకోవాలి. దెబ్బ తగిలితే మేడమ్ కి చెప్పాలి. కానీ నలుగురు నవ్వితే బ్యాటు స్టోర్ రూమ్ లో పెట్టేసేవాళ్ళం ఆ పళ్ళని ఒకసారి తల్చుకోవాలి.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఏడే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో దిగింది. దాన్ని నడిపించడానికి 58 ఏళ్ళ వయసులో నాయుడు గారు వచ్చారు. పుట్టింది నాగపూర్, బతికింది ఇందూరు, అయినా తెలుగువాళ్ళ కొత్త జట్టుకి చెయ్యి అందించారు. 1956లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. క్రికెట్ ఆటగాళ్ళలో మొదట అందుకున్నది ఆయనే. 1956-57లో 61 ఏళ్ళ వయసులో కూడా ఉత్తరప్రదేశ్ జట్టుకి రంజీ ఆడారు. మా తాతకి ఇంచుమించు అంతే వయసు. ఆయన ఇంకా చెట్టెక్కుతాడు కాబట్టి నేను నమ్ముతాను.

1967 నవంబరు 14న ఇందూరులో నాయుడు గారు కన్నుమూశారు. అది మనం బాలల దినోత్సవం చేసుకునే రోజు. 1994 నుంచి క్రికెట్ బోర్డు పెద్ద ఆటగాళ్ళకి ఆయన పేరు మీదే బహుమతి ఇస్తోంది.

ఆడపిల్లలం కాబట్టి ఇంకొక సంగతి. ఆయన కూతురు చంద్ర నాయుడు గారు 1977లో క్రికెట్ ఆటకి కామెంటరీ చెప్పారు. మన దేశంలో ఆ పని చేసిన మొదటి మహిళ ఆమే. నాన్న గారి మీద పుస్తకం కూడా రాశారు. 2021లో చనిపోయారు.

ఒక మనవి

వార్డెన్ గారికి ఒక మనవి చేసుకుని ముగిస్తాను. ఎంపిక అయ్యేదాకా తెల్లారి అయిదున్నర నుంచి ఆరు దాకా స్టోర్ రూమ్ తాళం ఇప్పించండి. సాయంత్రం గ్రౌండులో అందరూ ఉంటారు, వెదురు బొంగు దగ్గర వంతు రాదు. స్నానాల గంట, ప్రార్థన గంట తప్పించము. బొంగు, బంతులు మేమే సర్ది తాళం మీ చేతికి ఇస్తాము. గుడ్డబంతులు కుట్టడానికి పాత సాక్సులు ఉన్నవాళ్ళు, ఉతికినవే, నా ట్రంకుపెట్టె మీద పెట్టండి.

చెల్లి ఎంపిక అవుతుందో లేదో నేను చెప్పలేను. 50కి 31 తగిలితే ఇంకా 19 మిగిలాయి. ఆ 19 కోసమే తాళం అడుగుతున్నాము.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని, సాఫ్ట్‌బాల్ జట్టు